లైట్ల కింద ఫలెనాప్సిస్ పూయదా? లోపం వెలుగుదా, వేడిదా?

అరలో_ఆర్కిడ్:
నా దగ్గర నాలుగు ఫలెనాప్సిస్ ఆర్కిడ్‌లు రెండేళ్లుగా పుస్తకాల అరలో తెల్ల ఎల్‌ఈడీ ట్యూబుల కింద పెరుగుతున్నాయి. టైమర్ పెట్టాను, రోజుకు 13 గంటల వెలుగు. ఆకులు అరచేయంత వెడల్పయ్యాయి, కొత్త వేళ్లు కుండీ అంచు దాటి బయటికి పాకుతున్నాయి. పూకాడ మాత్రం ఒక్కటీ రాలేదు. మొక్కలు బాగా తెలిసిన ఒకావిడ నిన్న చూసి, "దీపాల కింద ఆకులే వస్తాయి, పూలు కావాలంటే సూర్యుడే దిక్కు" అని తేల్చేశారు. మా ఇంట్లో ఎండ పడే కిటికీ లేదు. ఆవిడ మాటే నిజమైతే వీటిని ఎవరికైనా ఇచ్చేయాలి, కానీ మనసు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

కిటికీ_పక్కన:
నేను ఆవిడ పక్షమే. మన కన్ను మోసం చేస్తుందండీ. గదిలో లైటు వేస్తే అంతా వెలుగే అనిపిస్తుంది, కొలిచి చూస్తే కొన్ని వందల లక్స్ (వెలుగు కొలత) దాటదు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష. ఫలెనాప్సిస్ ఆర్కిడ్లలో నీడను ఓర్చుకునే రకమే, అయినా దానికి 10,000 నుంచి 15,000 లక్స్ కావాలని చెబుతారు. నా దగ్గర మూడేళ్లు లైట్ల కింద మొండికేసిన మొక్క ఒకటి ఉండేది. తూర్పు కిటికీ దగ్గరికి మార్చాను. చలికాలం వచ్చేసరికి రెండు కాడలు వేసింది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

లెక్క_చూద్దాం:
ఆ 10, 15 వేలు పగటిపూట వెలుగు బాగా ఉన్నప్పటి అంకె. పొద్దున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు అంత ఉండదు. లైటు అలా కాదు, వెలిగినంతసేపూ ఒకేలా ఇస్తుంది. అందుకే రోజు మొత్తం మీద ఎంత అందిందో చూడాలి. అరలో_ఆర్కిడ్ గారూ, ఆకు దగ్గర ఎంత వస్తోంది?

అరలో_ఆర్కిడ్:
ఫోన్ యాప్‌లో 7,000 లక్స్ అటూ ఇటూ చూపిస్తోంది.

లెక్క_చూద్దాం:
ఫోన్ కొలతను పూర్తిగా నమ్మలేం, అయినా ఒక అంచనా వస్తుంది. తెల్ల ఎల్‌ఈడీకి లక్స్‌ను సుమారు 70తో భాగిస్తే మొక్క వాడుకోగల వెలుగు తెలుస్తుంది: చదరపు మీటరుకు సెకనుకు 100 మైక్రోమోల్స్ (వెలుగు కణాల లెక్క, పది లక్షల మైక్రోమోల్స్ ఒక మోల్). 13 గంటలంటే 46,800 సెకన్లు. రోజుకు 4.7 మోల్స్ దాకా అందుతోంది. ఫలెనాప్సిస్ పూయడానికి ఇది తక్కువేం కాదు. ఎక్కువ వెలుగు కోరే ఆర్కిడ్లు వేరే ఉన్నాయి: వాండాకైతే ఇది చాలదు, కాట్లేయాకు కూడా కష్టమే.

మీటరు లేకపోయినా ఆకు చెబుతుంది. ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, పొడుగ్గా వేలాడుతుంటే ఆకలితో ఉన్నట్టు. కాస్త గడ్డిపచ్చ రంగులో గట్టిగా ఉంటే సరిపోయినట్టు. అంచుల్లో ఎరుపు తేలితే ఇక చాలంటోందని అర్థం.

ఊదా_వెలుగు:
తెల్ల ట్యూబులు తీసేసి ఎరుపు, నీలం కలిపిన ఊదా లైటు పెట్టండి. మొక్కకు కావాల్సినవి ఆ రెండు రంగులే.

లెక్క_చూద్దాం:
ఆ రెండే అన్నది సరికాదు. 1972లోనే మెక్రీ అనే శాస్త్రవేత్త చాలా పంట మొక్కల మీద రంగు రంగునా కొలిచి, ఆకుపచ్చ వెలుగుతో కూడా కిరణజన్య సంయోగక్రియ బాగానే జరుగుతుందని చూపించారు. పైగా ఊదా వెలుగులో ఆకు మీద మచ్చ, కుళ్లు, పిండినల్లి ఏవీ కంటికి తెలియవు. రోజూ చూసుకునే మొక్క అసలు రంగులో కనబడాలి.

వేరు_కొస:
అందరూ వెలుగు దగ్గరే ఆగిపోయారు. లైట్లు వెలుగుతున్నప్పుడు ఆ అరలో వేడి ఎంత? ఫలెనాప్సిస్‌కు పూత సంకేతం ముఖ్యంగా చల్లదనం. వేడి 28 డిగ్రీలు దాటి నిలకడగా ఉంటే ఆకులు వేస్తూ కూర్చుంటుంది. కొన్ని వారాలు 25 లోపు ఉంటే కాడ బయటికొస్తుంది. కిటికీ_పక్కన గారూ, మీ మొక్క పూసింది చలికాలంలోనని మీరే అన్నారు. అది ఎండ గొప్పతనమో, కిటికీ అద్దం దగ్గరి చలి గొప్పతనమో విడదీసి చూశారా?

అరలో_ఆర్కిడ్:
థర్మామీటర్‌ను ఆకు వెనక దారంతో కట్టి చూశాను. మధ్యాహ్నం 30.5. రాత్రి లైట్లు ఆరాక 24కి దిగుతోంది. రాత్రి చల్లబడుతోంది కదా, అది చాలదా?

వేరు_కొస:
చాలదు. నేనూ ఏళ్ల తరబడి రాత్రి చలే ముఖ్యమనుకున్నాను. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బ్లాంచర్డ్, రంకిల్ 2006లో ప్రచురించిన పరిశోధన చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. పగలు 29 డిగ్రీలుంటే, రాత్రి చల్లబరిచినా పూత అణిగిపోయింది. మీ మొక్కలకు వెలుగు అందుతోంది, పగటి చల్లదనమే అందడం లేదు. ట్యూబులకు కరెంటు అందించే, వేడెక్కే పెట్టెలను (డ్రైవర్లు) అర బయటికి మార్చండి, చిన్న ఫ్యాన్ పెట్టండి. నేనైతే టైమర్‌నే తిప్పేశాను: లైట్లు రాత్రి వెలుగుతాయి, పగలు ఆరిపోతాయి. మొక్క పగలు మనకు చల్లని రాత్రి అవుతుంది. మూడు మొక్కల్లో రెండు పూశాయి.

కిటికీ_పక్కన:
చలి మాట ఒప్పుకుంటాను, అది నేను విడదీసి చూడలేదు. కానీ టైమర్ తిప్పడం నాకు నచ్చలేదు. ఫలెనాప్సిస్ కలబంద, అనాస లాంటిదండీ, ముఖ్యంగా చీకట్లోనే పత్రరంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది. మీరు దాని చీకటిని వేడి మధ్యాహ్నంలోకి నెట్టారు. వేడి రాత్రుల్లో ఆ పని మందగిస్తుంది. ఈ ఏడు పూయవచ్చు, రెండు మూడేళ్ల తర్వాత మొక్క బలం ఏమవుతుంది?

వేరు_కొస:
న్యాయమైన ప్రశ్న. అందుకే కాడ కనిపించగానే మామూలు వేళలకు తెచ్చేశాను. ఏడాది పొడవునా అలా ఉంచమని నేనూ చెప్పను.

అరలో_ఆర్కిడ్:
టైమర్ జోలికి ఇప్పుడే పోను. డ్రైవర్లు బయటికి తీశాను, ఫ్యాన్ గాలి నేరుగా ఆకుల మీద కాకుండా అర గోడకు తగిలేలా పెట్టాను. ఈ మధ్యాహ్నం 27 చూపించింది. బయట కాస్త చల్లబడితే 25కి దిగుతుందనే ఆశ. మొక్కల్ని ఎవరికీ ఇవ్వడం లేదు. అన్నట్టు, కొత్త మొలక వచ్చినప్పుడు అది వేరో కాడో ఎలా పోల్చుకోవాలి?

వేరు_కొస:
వేరు కొస నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పూకాడ కొస కాస్త చదునుగా, బొటనవేలు ఒక్కటే విడిగా ఉండే చేతి తొడుగు (మిట్టెన్) ఆకారంలో ఉంటుంది. ఆకు మొదట్లో చూస్తూ ఉండండి.