అప్‌డేట్: అమ్మ వారం మాత్ర సంగతి

పోయిన నెల అడిగాను. కీళ్లవాతానికి అమ్మకు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఆమె వరుసగా రెండు రోజులు వేసేసుకుంది, ఏం చేయాలని. వెంటనే డాక్టర్‌కి చెప్పమన్న అందరికీ చేతులెత్తి దండం. ఆ రాత్రే ఫోన్ చేశాం. రక్తపరీక్షలు చేయించారు, రక్తకణాలు, లివర్ బాగానే ఉన్నాయి.

పొరపాటు ఎక్కడంటే, చీటీలో 0-0-1 (అంటే పొద్దున, మధ్యాహ్నం వద్దు, రాత్రికి ఒకటి) అని పెద్దగా ఉంది, వారానికోసారి అన్న మాట ఇంగ్లీషులో పక్కన చిన్నగా ఉంది. అమ్మ ఆ ఒకటి చూసి రోజూ రాత్రికి అనుకుంది. తప్పు ఆమెది కాదు.

ఇప్పుడు కవర్ మీద స్కెచ్‌తో లావుగా ‘ఆదివారం రాత్రి మాత్రమే’ అని తెలుగులో రాశాను. దాంతోపాటు రాసిన విటమిన్ మాత్ర ఫోలిక్ యాసిడ్‌కి వేరే కవర్, ‘బుధవారం’ అని. రెండూ చిన్న పసుపు మాత్రలే, కలిసిపోతే కష్టం.

ఇంకొకటి. ‘అర్థమైందా అమ్మా?’ అంటే ఎప్పుడూ తలూపేది. ఇప్పుడు ‘ఎలా వేసుకుంటావో నువ్వే చెప్పు’ అంటున్నాను. మొదటిసారి రెండు రోజులూ తారుమారు చేసింది. నిన్న కవర్ చూడకుండానే సరిగ్గా చెప్పింది.