సమస్య: కన్ను మూసినవాఁడె చక్కఁగను జూచు

సంచాలకుడు: ఫోన్లొచ్చాక ఫొటోగ్రఫీ పనితనం అడుగంటిందన్న వాదన పోయినవారం నుంచి నలుగుతూనే ఉంది. ఇక పై సమస్యే చివరి పాదంగా, ఎవరి ఊరిపేరుతో వారు, పద్యాల్లో తేల్చండి.

పెదవాల్తేరు:
ఫోను తెరమీద నెండలోఁ బోవు రంగు;
గాజుకంటికిఁ గను నాన్చి, కదలనీక
చేతు లిరువైపు డొక్కలఁ జేర్చి, యొంటి
కన్ను మూసినవాఁడె చక్కఁగను జూచు.

సంచాలకుడు: 'ఒంటి' అనగానే ముడి విడిపోయింది. భేష్! కెమెరా అలా పట్టుకుంటేనే చెయ్యి వణకదు.

భీమిలి:
ఎఫ్ఫు పదకొండుఁ బెట్టిన నెఱ్ఱమట్టి
దిబ్బ ముందును వెనుకయుఁ దేటవడును;
సెల్లు కంటికి రెప్పయే చేర దెపుడు;
కన్ను మూసినవాఁడె చక్కఁగను జూచు.

గాజువాక: యతులు కుదిరాయి, విషయమే కుదరలేదు భీమిలి గారూ. ఫోను సెన్సరు చిన్నది, ఎఫ్ 1.8 (ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గరే దిబ్బ ముందూ వెనకా తేటగా వచ్చేస్తుంది. రెప్ప, అంటే ఆ రంధ్రాన్ని పెద్దా చిన్నా చేసే ఏర్పాటు, లేని లోటు తెలిసేది ఆర్కే బీచ్‌లో, అల దగ్గర. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే కొలత) 100, ఎఫ్ 16 పెడితే షట్టరు 1/100 సెకను. ట్రైపాడ్ మీద, వెలుగును 64వ వంతుకు తగ్గించే ఎన్‌డీ 64 ఫిల్టరు తొడిగితే అర సెకను పైన తెరిచి ఉంచొచ్చు, నురగ పాలలా సాగుతుంది. ఫోనైతే పొట్టి ఫ్రేములు బోలెడు పేర్చి ఆ పని చేస్తుంది. మధ్యలో పడవ కదిలిందా, అంచు రెండుగా పడుతుంది. పైగా 'ఎపుడు' అన్నారు. 2018 నాటి గెలాక్సీ ఎస్9కి ఎఫ్ 1.5, ఎఫ్ 2.4 రెండూ ఉన్నాయి. 'చేరదాయె' అంటే సరిపోయేది.

భీమిలి: ఉప్పుగాలిలో లెన్సును పొడిగుడ్డతో తుడవమని పోయినవారం సీసం రాసింది తమరే కదా! ఉప్పురవ్వ గాజు మీద గీత పెడుతుంది. ముందు బ్లోయరుతో ఊది, తడిగుడ్డతో ఉప్పు కరిగించాక మైక్రోఫైబరు. ఆ పద్యం ఇంకా దిద్దలేదు.

గాజువాక: దాని సంగతి అక్కడే. ఇది చూడండి.
అద్ద మెగసిన క్షణమున నలను గనఁడు
ముందె యూహించి మీటను నొక్కునపుడు;
ఫోను పది తీసి యొకటేరుఁ; బొంచి యుండి
కన్ను మూసినవాఁడె చక్కఁగను జూచు.

పెదవాల్తేరు: రెండోపాదంలో ము–నొ యతి చెల్లదు. 'మీటపై మోపు వేలు' అనండి. భావానికి మాత్రం ఈవారం ఇదే మేటి. అద్దంతో పనిచేసే ఎస్ఎల్ఆర్ కెమెరాలో ఆ అద్దం లేవగానే వ్యూఫైండరు (కన్ను ఆన్చి చూసే గాజుకన్ను) చీకటి. ఫొటోలో పడిన అలను తీసినవాడు ఆ క్షణాన చూడనే చూడడు. అల ఎప్పుడు విరుగుతుందో ముందే లెక్క కట్టాలి. పనితనమంటే నాకు అదే.

భీమిలి: 'మెగసిన క్షణమున'లో క్ష ముందు 'న' గురువు కాదా?

సంచాలకుడు: వేరు పదాలు కనుక కాదు, సమాసమైతే అయ్యేది. గాజువాక గారూ, రెండోపాదం దిద్ది మళ్లీ పెట్టండి. మిర్రర్‌లెస్ వారికి ఎగిరే అద్దమే లేదు, వాళ్ల నుంచి ఇంకో పూరణ రావాలి.