సంక్రాంతి, 17 శనివారం: పనుల పంపకం (హాలు ఫారం గురువారం సాయంత్రం 5 లోపు)

సుధ, సోమవారం రాత్రి 9:40
ఫారం గురువారం వెళ్ళిపోవాలి, అందుకే ఇప్పుడే అడుగుతున్నా. 1) భోగి మంటకి కట్టెలు 2) భోగిపళ్ళకి రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, చిల్లర 3) ముగ్గుల పోటీకి పట్టాలు, రంగులు 4) పాత సామాన్ల బల్ల: మన కుంపటి, బొగ్గుల ఇస్త్రీపెట్టె, పక్కన ఇక్కడి ఇంగ్లండు కోల్ స్కటిళ్ళు (పొయ్యి పక్కన బొగ్గు ఉంచుకునే లోహపు బకెట్లు) 5) మైకు. ఎవరు ఏది తీసుకుంటారో కింద రాయండి.

ప్రసాద్, సోమవారం రాత్రి 10:15
4 నాది. స్కటిళ్ళు నాలుగు దొరికాయి. రాగిది ఒకటి, ఇత్తడివి రెండు, ఈ మూడూ హెల్మెట్ తిరగేసినట్టుండే రకం. నాలుగోది ఇనుము మీద జింకు పూత వేసిన హాడ్ అనే రకం, పొడుగ్గా, మూతి ఏటవాలుగా కోసినట్టుంటుంది. పిల్లలకి చెప్పాల్సిన తేడా ఇదే: హెల్మెట్ రకం గదిలో పొయ్యి పక్కన ఉంచేది. పైపిడితో మోసుకొచ్చి, వెనక చిన్న పిడి పట్టి వంచితే వెడల్పాటి పెదవి మీంచి రాక్షసిబొగ్గు జారుతుంది. లేదంటే చిన్న పారతో తీసి వేస్తారు. హాడ్‌ని మూతున్న స్టవ్‌లో పైనుంచి గుమ్మరించడానికి వాడేవాళ్ళు. పది లీటర్ల దాంట్లో సుమారు 8 కిలోలు పడుతుంది.

లక్ష్మి, సోమవారం రాత్రి 10:32
రాగిది భలే ఉంది ప్రసాద్. తోమి అందులో అరిసెలు పెడదామా?

ప్రసాద్, సోమవారం రాత్రి 10:50
వద్దు వదినా. పాతవాటి అతుకుల టంకంలో సీసం ఉంటుంది, లోపల ఏళ్ళ తరబడి పట్టిన మసి. అరిసెలు స్టీలు డబ్బాల్లోనే ఉండనీ. తోమడం మాత్రం మీ చేతిమీదుగానే. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత, గట్టిగా రుద్దితే పూత పోతుంది. అంటుకోకపోతే చింతపండు, ఉప్పు రాసి రెండు నిమిషాల్లో కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఎంత రుద్దినా మెరుపు రాలేదంటే పైన వార్నిష్ ఉందని, అది అలాగే వదిలేయండి.

సుధ, మంగళవారం మధ్యాహ్నం 1:05
హాలు నుంచి మెయిల్ వచ్చింది. ఆవరణలో మంట వద్దన్నారు. పచ్చిక పాడవుతుందట, బీమా వర్తించదట, పైగా పొగ నియంత్రణ ప్రాంతమట, అంటే పొగ రాకూడని చోటు. సవరించిన ఫారంలో "బయట నిప్పు లేదు" అని సంతకం పెట్టమంటున్నారు.

రమేష్, మంగళవారం మధ్యాహ్నం 1:20
ఇది ముందే అడిగి ఉండాల్సింది. భోగి మంట లేకుండా సంక్రాంతి ఏంటి? ఆ హాడ్ ఇనుమే కదా, మెట్ల ముందు రాళ్ళ మీద పెట్టి అందులోనే వేద్దాం. పచ్చిక జోలికి పోము.

ప్రసాద్, మంగళవారం మధ్యాహ్నం 1:41
అస్సలు కుదరదు అన్నా. స్కటిల్ బొగ్గు మోయడానికి, నిప్పు మోయడానికి కాదు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, ఎర్రగా కాలే బొగ్గు 700 దాటుతుంది. జింకు పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరంలాగా వణికిస్తుంది. రాగి, ఇత్తడి వాటికి మామూలు టంకమైతే 190 దగ్గరే కరిగిపోతుంది, అడుగు ఊడి నిప్పులు పిల్లల కాళ్ళ దగ్గర పడతాయి. అదీకాక కింద గాలి కన్నం లేదు. కుంపటికి మధ్యలో జల్లెడ, కింద కన్నం ఉండబట్టే నిప్పు రాజుకుంటుంది. ఇందులో పొగే వస్తుంది, దేని గురించైతే వద్దన్నారో అదే.

రమేష్, మంగళవారం మధ్యాహ్నం 1:48
ప్రతి ఏడూ వద్దనేవాళ్ళే, చేసేవాళ్ళు లేరు.

సుధ, మంగళవారం మధ్యాహ్నం 2:02
రమేష్ గారూ, మూడు వారాలుగా హాలుతో మాట్లాడుతున్నది నేనే. ఇలా అయితే ఫారం మీరే పంపండి.

లక్ష్మి, మంగళవారం సాయంత్రం 6:30
ఇద్దరూ కాస్త ఆగండి. హాల్లో వేదిక పక్కన పాత పొయ్యి ఉంది కదా, దాన్ని వాడనిస్తారా? అది అడిగారా ఎవరైనా?

రమేష్, బుధవారం ఉదయం 11:10
మాట తూలాను సుధా, మనసులో పెట్టుకోకు. హాలు ఆవిడని కలిసొచ్చాను. పొయ్యి వాడుకోవచ్చు. చిమ్నీ అక్టోబరులో శుభ్రం చేయించారు, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది. షరతులు మూడు: పొగరాని బొగ్గు తప్ప ఇంకేదీ వేయకూడదు, ముందు ఇనుప జాలీ ఉండాలి, బూడిద మనమే ఎత్తాలి. గ్రేటు (పొయ్యిలో బొగ్గు పేర్చే ఇనుప చట్రం) 16 అంగుళాలు.

ప్రసాద్, బుధవారం ఉదయం 11:35
చాలా మంచి పని చేశావన్నా. మామూలు రాక్షసిబొగ్గు ఇంగ్లండులో ఇళ్ళకి అమ్మడం 2023 మే 1తో పూర్తిగా ఆగిపోయింది, కాబట్టి షాపులో దొరికేది ఎలాగూ పొగరానిదే. అయినా సంచి మీద ధ్రువీకరణ గుర్తు చూసి తీసుకోండి. పది కిలోలవి రెండు. ఇది మెల్లగా అంటుకుంటుంది, 4:30 సభకి 3:30కే వెలిగించాలి. నాలుగు నిప్పురాజేసే ముక్కలు, వాటి చుట్టూ గుండ్రటి బొగ్గులు ఒకే వరస, ఎర్రబడ్డాక రెండో వరస. ఒక్కసారే నింపేస్తే గాలి ఆడక చల్లారిపోతుంది.

సుధ, బుధవారం మధ్యాహ్నం 12:20
పిడకల దండలో? పిల్లలు ఇరవై దాకా చేసేశారు.

ప్రసాద్, బుధవారం మధ్యాహ్నం 12:31
గ్రేటులో వేయకూడదు, పొగ వస్తుంది. జాలీకి దూరంగా గోడకి వేలాడదీద్దాం. స్కటిళ్ళు బల్ల మీద వద్దు, పొయ్యి దగ్గరే పెడదాం. ఇత్తడి దాంట్లో ఆరు కిలోల బొగ్గు, పక్కన పార. పిల్లలు ఒక్కొక్కరూ చిన్న ముక్క పెద్దవాళ్ళ చేతికిస్తే, పెద్దవాళ్ళు పటకారుతో వేస్తారు. పిల్లలకి చేతి తొడుగులు కావాలి.

లక్ష్మి, బుధవారం మధ్యాహ్నం 12:50
తొడుగులు నేను తెస్తా. బూడిద హాడ్‌లో ఎత్తెయ్యొచ్చా?

ప్రసాద్, బుధవారం మధ్యాహ్నం 1:04
వద్దు వదినా, దానికి మూత లేదు, అడుగున తుప్పు కూడా ఉంది. నీళ్ళు పోసి చూస్తే రెండు చోట్ల కారింది. తడి బొగ్గు ఏళ్ళ తరబడి అందులోనే ఉంచితే లోపల్నుంచే తినేస్తుంది. మూతున్న ఇనుప బూడిద డబ్బా నేను తెస్తా. 7:30 తర్వాత ఎవరూ బొగ్గు వేయొద్దు. గ్రేటు మీద నీళ్ళు పోస్తే పోత ఇనుము పగులుతుంది. బూడిద ప్లాస్టిక్ చెత్త డబ్బాలో వేయొద్దు, రోజు గడిచినా లోపల నిప్పు ఉంటుంది. కారులో మాత్రం ఎవరూ పెట్టుకోకండి, అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

రమేష్, బుధవారం మధ్యాహ్నం 1:15
డబ్బా రాత్రికి వెనక రాళ్ళ మీద, గోడకి దూరంగా పెట్టుకోవచ్చన్నారు. సోమవారం పొద్దున నేనెళ్ళి తీస్తా.

సుధ, గురువారం మధ్యాహ్నం 3:10
"బయట నిప్పు లేదు, లోపల పొయ్యి" అని రాసి ఫారం పంపేశాను. జాలీ మాత్రం హాల్లో లేదట. 16 అంగుళాల గ్రేటుకి చాలేది ఎవరింట్లో ఉంది?