ఎల్క్ వేటలో మకాం: మంద దగ్గరా, దూరంగానా?

కొండగాలి: ఎల్క్ (పెద్ద జింక) వేటకి, సెప్టెంబర్‌లో విల్లుతో వేటాడే సీజన్‌లో, కొలరాడోలో ఫ్లాట్ టాప్స్ పీఠభూమి వైపు ఇద్దరం వెళ్తున్నాం. మ్యాప్‌లో ఒక లోయ చూసి పెట్టుకున్నా. లోయ పైకొసన పచ్చిక, ఉత్తరపు వాలు నిండా చీకటి స్ప్రూస్ (సూదాకుల చెట్ల) అడవి, కింద వాగు. ఎల్క్‌లు అక్కడే ఉంటాయి. టెంట్ ఆ పచ్చిక అంచున వేస్తే తెల్లారకముందే రెండు గంటలు ఎక్కే బాధ తప్పుతుందని నా వాదన. మావాడు ససేమిరా అంటున్నాడు. మీరేమంటారు?

వాగొడ్డు: మీవాడిదే రైటు. పొద్దుగూకాక చల్లబడ్డ గాలి పల్లానికి దిగుతుంది. మీరు లోయ పైన పడుకుంటే మీ చెమట వాసన, స్టవ్ మీద నూడుల్స్ వాసన రాత్రంతా కిందికే. ఎండ తగిలాక గాలి పైకి తిరుగుతుంది నిజమే, ఈలోపు మంద పక్క లోయకి పోతుంది. దూరంగా, దిగువన ఉండండి.

డెన్వర్_బావ: వాగొడ్డు అన్నా, గాలి సంగతి ఒప్పుకుంటా. కానీ జతకట్టే కాలంలో మగవి రాత్రంతా అరుస్తాయి. టెంట్‌లో పడుకునే ఎటువైపున్నాయో తెలుసుకోవచ్చు. దూరంగా ఉంటే ఆ కబురే అందదు. పైగా మూడు వేల మీటర్ల ఎత్తులో రోజూ ఎక్కి దిగితే కాళ్లు ఎన్నాళ్లు ఆగుతాయి? నేనైతే లోయలో దిగను. గట్టు దాటి అవతలి వాలు మీద వేస్తా. రాత్రి వాసన అటు లోయలోకి పోతుంది. నీళ్లు మోసుకోవాలి, అంతే.

వాగొడ్డు: మధ్యాహ్నం ఉరుములొస్తే గట్టు మీద ఏం చేస్తావ్ బావా?

డెన్వర్_బావ: గట్టు నెత్తిన వేయమన్నానా? అవతలి వాలు, కాస్త కిందికి.

సీతాకోక: మన దగ్గర కణుజుని చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. అమెరికా వెళ్లగానే విల్లెందుకు పట్టాలో నాకర్థం కాదు.

డెన్వర్_బావ: మేడమ్, ఇక్కడ వన్యప్రాణి శాఖ నడిచేదే చాలావరకు వేట లైసెన్సుల డబ్బుతో. వేరే థ్రెడ్ పెట్టండి, తప్పకుండా వస్తా.

పాతవిల్లు: ఎల్క్ దొరికేదాకానే మాట్లాడుతున్నారు. దొరికాక? మగది మూడొందల కిలోలు. ఎముకలు తీసేసినా వంద కిలోల దాకా మాంసం ఉంటుంది. ఇద్దరే అంటున్నారు కాబట్టి తలా రెండు విడతలు మోయాలి, ఆపైన టెంటూ సామానూ. మకాం నుంచి కారు దాకా దారి ఎలా ఉందో అది ముందు చూసుకోండి. సెప్టెంబర్ ఎండకి మాంసం తొందరగా పాడవుతుంది. వెంటనే తోలు తీసి, నీడలో గాలి తగిలేలా వేలాడదీయాలి. అదీ టెంట్‌కి కనీసం వంద మీటర్ల అవతల, ఎందుకంటే చలికాలం ముందు నల్ల ఎలుగులు ఆపకుండా తింటూనే ఉంటాయి.

ఇంకోటి, టెంట్ వేసేముందు తలెత్తి చూడండి. 1939లో పెనుగాలికి కూలిన చెట్లలో పెరిగిన బెరడు పురుగు 1940లలో ఆ పీఠభూమి మీద స్ప్రూస్ అడవిని తుడిచిపెట్టేసింది. అప్పటి మోడులు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి, వాటికి తోడు కొత్తగా ఎండినవి. గాలి వీచిన రాత్రి వాటి కింద నిద్రపోలేరు. వాగుకీ బాటకీ వంద అడుగుల ఎడం ఎలాగూ తప్పదు.

నా లెక్క ఇది. మొదటి రాత్రులు దిగువన, బాటకి దగ్గర్లో. అరుపులు ఎటు వినపడితే అటు తేలికపాటి టార్ప్‌తో (టెంట్ బదులు పైన కట్టుకునే పట్టా) కదలడం. మంద ఎక్కడుందో చూడకుండానే ఇంట్లో కూర్చుని మ్యాప్ మీద చోటు ఖాయం చేసేస్తారు చాలామంది, నాకు నచ్చనిది అదే. టెంట్ మేకులకి వేర్లు రావు కదా!

కొండగాలి: టార్ప్ మాట మావాడికి చెప్తే ఇంకా గొడవ చేస్తాడు, వాడికి చలి పడదు. బావా, మీ గట్టు అవతలి వాలుకి నీళ్లు ఎంత దూరం ఉండొచ్చు? మ్యాప్‌లో అటువైపు ఒక చిన్న మడుగే ఉంది.

డెన్వర్_బావ: సెప్టెంబర్‌కి మడుగు ఎండిపోయి ఉండొచ్చు, నమ్ముకోకు. మ్యాప్ ముక్క ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.