షిమనామి కైడో ఒక్క రోజుల అయితదా? అక్క, నేను పోతున్నం

నల్లగొండ నుంచి:
అక్టోబర్ల జపాన్‌ల షిమనామి కైడో మీద, అంటే దీవుల మీదుగ వంతెనలు దాటుకుంట పోయే సైకిల్ దారిల, ఒనోమిచి నుంచి ఇమబారి దాక 70 కిలోమీటర్లు తొక్కుదామని ఉంది. అక్కకు 25 కిలోమీటర్ల అలవాటే ఉంది. ఎక్కడ ఇబ్బంది పడతం?

మిర్యాలగూడ నుంచి:
పొద్దున ఏడింటికే బయలుదేరితే అయితది తమ్మీ. ఆరుగంటల లోపే పొద్దు గూకుతది, లైటు లేకుండ తొక్కుడు నేరం. దారి తప్పరు, రోడ్డు అంచున నీలిగీత పట్టుకొని పోవుడే. మొదటి దీవి ముకైషిమాకు మాత్రం ఫెర్రీల దాటుండ్రి, అక్కడి వంతెన సైకిళ్లకు ఇరుకు.

అసలు కష్టం వంతెనలకు ఎక్కే దారులే. వాలు మూడు శాతమే గానీ విడువకుండ సాగుతది. కింద ఉన్నప్పుడే చిన్న గేరుకు మార్చుండ్రి. బలంగ తొక్కుతూ మారిస్తే చైన్ జారుతది. చివరి కురుషిమ వంతెన దాదాపు 4 కిలోమీటర్లు, పక్కగాలి హ్యాండిల్‌ను గుంజుతది. అక్కను ముందు పోనియ్యి, ఆమె వేగమే మీ ఇద్దరి వేగం.

మహబూబ్‌నగర్ నుంచి:
అక్కడ కూడ ఎడమ దిక్కే, కానీ ఇద్దరు పక్కపక్కన తొక్కొద్దు. కిరాయి సైకిల్ సీటు ముందే సరిచేసుకోండి: కిందికొచ్చిన పెడల్ మీద మడమ పెడితే మోకాలు నిటారుగ రావాలె. తక్కువుంటే 30 కిలోమీటర్లకే మోకాలు పట్టుకుంటది. మామూలు సైకిళ్లకు మన లెక్కనే గాలి కొట్టే వాల్వు మీద సన్న రబ్బరు గొట్టం, వాల్‌ట్యూబు, ఉంటది. ఆ రబ్బరు ముక్క పగిలితే గాలి మెల్లగ దిగుతది, పంక్చర్ అనుకొని టైరు ఇప్పకండి. పోయే ముందు నాలుగు ఆదివారాలు హాలియా దిక్కు తొక్కించు అక్కను, ఒక్కోసారి పది కిలోమీటర్లు పెంచుకుంట.