అప్‌డేట్: మామయ్యగారు సగం దారికొచ్చారు

"ఆర్గానిక్ అంటే డబ్బు దండగ" అనే మా మామయ్యగారిని ఎలా ఒప్పించాలని పోయిన సంక్రాంతికి అడిగాను కదా. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వాదించడం మానేసి, ఇంటి ధాన్యమే మిల్లులో సింగిల్ పాలిష్ (తవుడు పూర్తిగా పోకుండా తక్కువ పాలిష్) పట్టించమన్నాను. ఎక్కువ పాలిష్ పడితే తవుడుతో పాటు బి1 విటమిన్, పీచు పోతాయంటే వినలేదు గానీ, బస్తాకి బియ్యం ఎక్కువ దిగేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది!

మొదటిరోజు అన్నం పలుకుగా ఉందని కంచం తోసేశారు. ఇప్పుడు రెండు గంటలు నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి వండుతున్నాను. తవుడులోని నూనె వల్ల ఈ బియ్యం తొందరగా వాసనొస్తుంది, అందుకే కొంచెం కొంచెంగా పట్టిస్తున్నాం.

పెరట్లో బచ్చలి, ఆనపపాదు అత్తయ్యగారి డిపార్ట్‌మెంట్. పామాయిల్ ప్యాకెట్ మాత్రం కదల్లేదు. గానుగ కొబ్బరినూనె అంటే "కాయ అమ్మితే డబ్బులొస్తాయమ్మా" అంటున్నారు మామయ్యగారు. మేం తినే గింజల చేలో పురుగుమందు కొట్టొద్దని దాళ్వాకి (రెండో పంట వరికి) అడుగుతాను.