‘లాంఛనం’ అంటే ఏమిటి?

ప్రశ్న: మలక్‌పేటలో మా పిన్ని కూతురికి సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్లు “కట్నం ఏమీ వద్దండీ, లాంఛనాలు ఘనంగా జరిపిస్తే చాలు” అన్నారు. ఈ రెండు మాటలకూ తేడా ఏమిటి?

జవాబు: సంస్కృతంలో లాంఛనమంటే గుర్తు. రాజలాంఛనాలంటే ఛత్రం, చామరం లాంటివి. ‘లాంఛనంగా మొదలుపెట్టారు’ అంటే మర్యాద కోసం, పేరుకి. పెళ్లిలోనూ అంతే ఉండాలి, అత్తగారికో చీర, ఆడపడుచుకో చీర. మా అక్క పెళ్లి మాటలప్పుడు వాళ్లు తెచ్చిన రూళ్ల కాగితం మాత్రం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. నాలుగు మూలలా పసుపు, పైన ‘శ్రీరస్తు’. కింద వెండి కంచం, వెండి చెంబు, ఆడపడుచు లాంఛనం రెండు లక్షలు. అన్నిటికంటే కింద, వేరే ఇంకుతో ‘బండి’. నాన్న బైకు అనుకున్నారు. వాళ్లు అడిగింది కారు. సైదాబాద్‌లో ఉన్న ఒక్క ప్లాటూ అమ్మేశారు.

మరొకరు: మా నల్గొండ దిక్కు చుట్టాలు పెండ్లిల చదివించేదాన్ని కూడా కట్నమే అంటం. మాటలో తప్పేముందండీ?

జవాబు: మాటలో తప్పు లేదు. కట్నమంటే కానుకే. నన్ను బాధించేది వేరే. ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చిన రోజుల్లో దాన్ని కన్యాశుల్కం అన్నారు. శుల్కమంటే వెల. అదే డబ్బు ఎదురు తిరిగి అబ్బాయింటికి పోతుంటే మాత్రం వెల అనలేదు, కట్నమన్నారు. ఇప్పుడు ఆ మాటకీ కేసు భయం పట్టుకుంది కాబట్టి లాంఛనమంటున్నారు.

1961 వరకట్న నిషేధ చట్టం పేరు చూడదు. పెళ్లికి ముందైనా, తర్వాతైనా, పెళ్లి పేరుతో నేరుగానో మరో దారినో ఇచ్చింది, ఇస్తామని ఒప్పుకున్నది కట్నమే. అడగకుండా, ఆచారం కొద్దీ, స్థోమతకు తగ్గట్టు పెట్టిన కానుకలకే మినహాయింపు, వాటికీ జాబితా రాయాలి. కోర్టులోనూ ఈ మాట నలిగింది. ఇంటి ఖర్చులకో ఎరువులకో అడిగిన డబ్బు కట్నం కాదని 2007లో సుప్రీంకోర్టు అంది. 2015లో ముగ్గురు జడ్జిల బెంచి అది సరికాదంది. ఇల్లు కట్టుకోవడానికి అడిగిందీ కట్నమేనని 2022లో ఇంకో తీర్పు వచ్చింది.

ప్రశ్న అడిగినవారు: ఇవ్వడం కూడా నేరమే కదా, బాబాయికి అదే టెన్షన్.

జవాబు: బాధపడినవాళ్లు చెప్పిన మాట పట్టుకుని వాళ్లమీదే కేసు పెట్టకూడదని ఆ చట్టం 7వ సెక్షన్‌లోనే ఉంది. అడిగినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ముందు లాంఛనాలంటే ఏమేమిటో వాళ్ల నోటితోనే చెప్పమనండి. కాగితం ఇస్తే ఫొటో తీసి దాచుకోండి. రెండో ఏడాది ఇంకో పది లక్షల కోసం అక్కను పుట్టింటికి పంపినప్పుడు, ఆ రూళ్ల కాగితం కోసం బీరువా అంతా వెతికాం. దొరకలేదు.